నాలుగు వందల పన్నెండో లైను

నాకు కమీషన్ ఏమీ రాదు, ముందే చెబుతున్నా.
కొత్త ఎడిటర్ వాడండి, వాడండి అంటూ
మూడు వారాలుగా ఈ నాలుగో అంతస్తులో
కూరగాయల బండిలా తిరుగుతున్నది నేనే.

నానక్‌రామ్‌గూడలో మా కిటికీ అవతల
సాయంత్రం నాలుగింటికి బండలు పేలుస్తారు.
అద్దం వణుకుతుంది,
టీ కప్పులో చిన్న వలయం పుట్టి చస్తుంది,
ఎవరూ స్క్రీన్ మీంచి తలెత్తరు.
అలాంటివాళ్లను నేను కదిలించాలి.

నుస్రత్‌తో మొదలుపెట్టాను, మెత్తని మనిషి కదా అని.
బ్రాకెట్ మూయడం మరిచిపోతే అదే మూస్తుంది,
తప్పు రాసిన చోటల్లా కింద ఎర్రగీత గీస్తుంది అన్నాను.
"ఇంట్లో మా అత్తగారు చేసేది అదేగా," అంది.
"ఆఫీసులో కూడానా?"

యాకస్వామి
"ఎంత మెమరీ తింటది?" అనడిగాడు,
పెళ్లికొడుకు జీతం అడిగినట్టు.
చెప్పాను.
"గంత తింటే నా ల్యాప్‌టాప్ మీద అట్లు పోస్కోవచ్చు."

చంద్రహాస్ వెంటనే సరే అన్నాడు.
అతను అన్నిటికీ సరే అంటాడు, అది లెక్కలోకి రాదు.

మిగిలింది ఓబులేసు గారు.
నల్లటి తెర, పచ్చటి అక్షరాలు.
ఆయన టేబుల్ మీద మౌస్
కొన్ననాటి నుంచీ బోర్లా పడుకునే ఉంది.
ఆ వేళ్ల గురించి మాత్రం నిజం చెప్పాలి:
రెండు నొక్కులకు ఫైలు తెరుచుకుంటుంది,
మూడో నొక్కుకు పని అయిపోతుంది,
నేనింకా మెనూలో వెతుక్కుంటూనే ఉంటాను.
"సూడు పాపా," అంటారు జమ్మలమడుగు యాసలో,
"కొడవలి మారిస్తే సేను పండుతుందా?"

జవాబు లేదు నా దగ్గర.
అందుకని పెద్ద పట్టిక ఒకటి తయారుచేసి
మీటింగ్ రూమ్‌లో అందరినీ కూర్చోబెడితే
సరిగ్గా అప్పుడే
'అప్‌డేట్ అవుతోంది, ఆగండి' అంది మహాతల్లి.
పదకొండు నిమిషాలు.
యాకస్వామి పిండి తెమ్మంటారా అని మర్యాదగానే అడిగాడు.

ఆ శుక్రవారం రాత్రి బిల్లింగ్ ఆగిపోయింది.
అందరూ లింగంపల్లి వైపు వెళ్లిపోయారు.
మిగిలింది ఓబులేసు గారు, నేను,
పద్నాలుగేళ్ల నాటి ఒక ఫైలు.
అందులో నాలుగు వందల పన్నెండో లైను మీకందరికీ తెలుసు,
ఈ కొస నుంచి ఆ కొస దాకా ప్రశ్నార్థకాలు.
చెత్తే అని అందరికీ తెలుసు,
తుడిస్తే ఏం కూలుతుందో అని ఎవరూ తుడవలేదు.
కొత్తగా చేరినవాళ్లకు చూపిస్తాం,
ఊరి దయ్యాన్ని చూపించినట్టు.

ఆయన మెషీన్ వేడెక్కి మొండికేసింది.
"నీ దాంట్లో తెరువు," అన్నారు,
మొహం పక్కకు తిప్పుకుని.

తెరిచాను.
ప్రశ్నార్థకాలు లేవు.
ఒత్తుల చోట ఒత్తులు, గుడుల చోట గుడులు,
తెలుగు.

'ఈ లెక్క ఎందుకు సరిపోతుండాదో నాకు తెలీదు.
మూడు రాత్రులు సూసినా.
సరిపోతుండాది గనక వదిలేస్తున్నా.
తర్వాత వచ్చేవాళ్లు క్షమించాల.
ఓబులేసు.'

చాలాసేపు ఏమీ అనలేదాయన.
"క్ష బాగా పడిండాది," అన్నారు చివరికి.
తర్వాత, నాతో కాదు, తెరతో:
"అప్పట్లో తెలుగు రాసే ఎడిటర్ ఒకటి కొత్తగా వచ్చిందని
నేనే అందరి ఎంటబడినా.
ఒక్కడూ ఇనలా.
నేనూ మానుకున్నా."

బిల్లింగ్ రెండున్నరకు కదిలింది.
ఆ లెక్క ఎందుకు సరిపోతుందో
ఇప్పటికీ మా ఇద్దరికీ తెలీదు.

సోమవారం ఆయన మళ్లీ నల్ల తెర ముందే కూర్చున్నారు.
మధ్యాహ్నం మాత్రం కుర్చీ ఈడ్చుకుంటూ నా సీటు దగ్గరకొచ్చి
"ఇంకో ఫైలుండాది, తెరువు," అన్నారు.

కాబట్టి పట్టిక చించేశాను.
వేగం గురించి మాట్లాడను, ఎర్రగీతల ఊసెత్తను.
మీ పాత ఫైళ్లలో ఎక్కడైనా ప్రశ్నార్థకాలుంటే
ఒక్కటి పట్టుకుని నా దగ్గరికి రండి.
చదువుకుని, మీ తెరకే మీరు వెళ్లిపోండి.

యాకస్వామీ,
అట్లపిండి నేను తెస్తాను.