దోర

దామలచెరువు మండీ దాటినాక
రైలుగేటు పక్కన గుజ్జు ఫ్యాక్టరీ.
తూకం గదిలో ఫ్యానుకు ఒక రెక్క విరిగింది,
గదినిండా బెంగుళూరా కాయల జిగురు వాసన.
ఆ వాసనలో కూచుని, ఇది మూడో ఏడు,
పండ్లకు పేర్లు పెడతా ఉండాను.

కొత్త పేర్లేం కాదు, మా అవ్వ నోట్లోవే:
పిందె, కాయ, పండు, కుళ్లు.
యంత్రానికి నాలుక లేదు కనుక
ఒక్కో పేరు వెనకా ఒక్కో అంకె దాక్కుంటుంది.
పిందె సున్న. కాయ ఒకటి. పండు రెండు. కుళ్లు మూడు.
సున్నతో మొదలవడం
తూకం చెంగల్రాయులుకు నేటికీ నచ్చదు.
"లాభం అని కదా పాపా, లెక్క ఎత్తుకునేది?"

మే నెల చివర మేనేజరు వచ్చి
కాయకూ పండుకూ నడుమ
దోర అని ఒకటి చేర్చు, దాని ధర వేరే అన్నాడు.
చేర్చాను. సరిగ్గా దాని చోట్లో, నడుమ.
ఎవరైనా అక్కడే కదా చేరుస్తారు.
బస్సు సీట్లో ఇంకొకరు ఇరుక్కుంటే
మిగతావాళ్లు తలా కొంచెం జరిగినట్టు
పండు మూడయింది, కుళ్లు నాలుగయింది.
కంపైలరు నోరు మెదపలేదు.

ఎక్కడో ఆరువందల లైన్ల కింద
ఎవరో, పేరు రాయడానికి బద్ధకించి,
'స్థితి మూడైతే వెనక్కి పంపు'
అని రాసి పోయారు.
ఎవరో అంటే, తర్వాత పాత చిట్టా తీసి చూశాను,
నేనే.
రెండేళ్ల కిందటి నేను,
పీలేరు బస్సుకు టైమవుతుంటే.

మర్నాడు పొద్దున తొలి ట్రాక్టరు
పులిచెర్ల మునెమ్మది.
తట్టల్లో పసుపు పూసుకున్నట్టు పండ్లు.
చీటీ వచ్చింది: వాపసు.
రెండో ట్రాక్టరు, వాపసు. మూడోదీ.
గేటవతల ఎండలో నిలబడిన పండ్లన్నీ
యంత్రం లెక్కలో కుళ్లిపోయాయి.
నిజంగా కుళ్లిన నాలుగు బుట్టలు మాత్రం
ఏ షరతుకూ తగలక
దర్జాగా గుజ్జులోకి నడిచాయి.

మునెమ్మ చీటీ తెచ్చి నా కీబోర్డు మీద పెట్టింది.
దాని మీద బరువుకు ఒక పండు.
"ఈడ మూడని ఉండాది. ఏమ్మే, ఏం మూడు ఇది?
మూడు తట్టలా? మూడు రూపాయలా? మూడు దినాలా?"

నేను తెర వైపు చూశాను.
యంత్రానికి తెలిసింది ఒకటే,
మూడు మూడుకు సమానం.
అందులో అబద్ధం లేదు.
దేని మూడో, ఏ పూట మూడో
అడగడం దానికి రాదు, అంతే.

గట్టి భాషలూ ఉన్నాయి లోకంలో.
పేరును తెచ్చి అంకె పక్కన నిలబెడితే
వీళ్లకు చుట్టరికం లేదు పొమ్మని
గడప దగ్గరే ఆపేస్తాయి.
మాది మెతక భాష. ఎవరిని ఎవరితో పోల్చినా
తలూపుతుంది.
పండు కంటే కుళ్లు గొప్పదా అంటే అవునంటుంది.
ఏమీ నింపని గడి చూపించినా
పిందె అంటుంది,
ఏదీ కాయని కొమ్మకు కూడా సున్న కాస్తుంది కదా.

ఆ మధ్యాహ్నం అంకెలన్నీ ఏరాను.
పదిహేడు చోట్లు.
మూడు కొట్టేసి కుళ్లు అని,
రెండు కొట్టేసి పండు అని,
ఒక్కో పేరూ పూర్తిగా, గుణింతంతో సహా.
చెంగల్రాయులు నా వెనకే నిలబడి
చీటీ మీది పండు తీసి
తొడిమ దగ్గర ముక్కు పెట్టాడు.
"ఇది పండూ కాదు, దోరా కాదు పాపా.
సాయంత్రానికి పండు."

దాన్ని వరసలో ఎక్కడ చేర్చాలో
నేను అడగలేదు.

మునెమ్మ ట్రాక్టరు లోపలికొచ్చేసరికి
నాలుగు దాటింది.
పొద్దుటి తూకానికీ ఈ తూకానికీ
ఎండ తాగేసిన పదకొండు కిలోలు తేడా.
చెంగల్రాయులు పెన్ను పట్టుకుని చూస్తున్నాడు
ఏ గడిలో రాయమంటానో అని.
దానికి నేనింకా
పేరు పెట్టలేదు.