నాలుగో రీలు

గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల వీధి చివర
మేడమీద నలభై కుర్చీల ప్రివ్యూ హాలు.
నెలకో ఆదివారం ఫిలిం సొసైటీ వాళ్ళది.
మద్రాసు నుంచి మెయిల్లో రేకు పెట్టెలు దిగేవి,
మూతమీద సుద్దతో: బిరాన్ సార్.

అంత గౌరవమా ఈయనకి, అన్నాను.
కాదు జకరయ్యా, ఇంటిపేరే అది, అన్నారు.
అయినా ఈ రోజుకీ నాకు సారే.

డకార్ వైపు రైల్వేలో లాంతర్లు తుడిచేవాడట.
ఆ ముక్క విన్నాక
బెజవాడ జంక్షన్లో గార్డు చేతి దీపం కనపడితే
ఓ క్షణం ఆగేవాణ్ణి.

మొదటి సినిమా రెండే రీళ్ళు.
వేరుశనగ బస్తా, దాని కింద ఒక వీపు.
మొహం చివరిదాకా చూపించడు.
దొరల వార్తాచిత్రాల్లో మిగిలిన ముడిఫిలిం
ముక్కలు ముక్కలుగా ఏరుకుని తీశాడు.
అతుకులు నా వేళ్ళకి తెలిసేవి,
ప్రతి అతుకు దగ్గరా మిషను చిన్నగా దగ్గేది.

ఇరవయ్యారేళ్ళకి ఐదు సినిమాలు.
మా వీధిలో అది ఒక వేసవి లెక్క.

రెండోది ఏడు రీళ్ళని రాశారు, ఆరే వచ్చాయి.
నాలుగోది సర్కారు కోసి దాచేసిందట,
దొరలు పోయాక వచ్చిన సొంత సర్కారే.
తెరమీద అక్షరాలు ఫ్రెంచివి.
చదివి తెలుగులో చెప్పడానికి యానాం నుంచి
దవులూరి వరహాలు గారు, రిటైరైన గుమస్తా,
రానూ పోనూ బస్సు చార్జీ, ఒక భోజనం.

మూడో రీలు అయిపోయింది.
కార్బన్లు ఆర్పబుద్ధి కాక ఉత్త వెలుగే వదిలాను.
ఆ తెల్లగుడ్డ ముందు వరహాలు గారు ఆగలేదు.
ఊరు తగలబడిందన్నారు, తుపాకులన్నారు,
తల్లి మట్టి దూసి శాపం పెట్టిందన్నారు.
పది నిమిషాలు.
నలభై మందీ తెరకేసే చూశారు.

మొన్న మనవడు ఫోన్లో చూపించాడు.
సార్ పోయిన పన్నెండేళ్ళకి
ఏ గోడౌన్లోనో దొరికిందట.
నిప్పు లేదు. తుపాకీ లేదు.
ఒక ముసలామె చేటతో కాయలు చెరుగుతోంది.
శిస్తు ఆఫీసరు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.
ఆమె లేవలేదు.
చెరుగుతూనే ఉంది, రీలు అయిపోయేదాకా.

దీన్నా తాతా వాళ్ళు కోసింది? అన్నాడు వాడు.

ముప్పయ్యేళ్ళు కేబిన్లో,
లైసెన్సు చూడ్డానికి ఎవడొచ్చినా
స్టూలు మీంచి లేచాను.
తెరమీద బొమ్మ మసకబారుతున్నా సరే, లేచాను.

మళ్ళీ పెట్టరా, అన్నాను.
సౌండు పెంచు.
చేట చప్పుడు.
కళ్ళు మూసుకుంటే
మిషను తిరుగుతున్నట్టే ఉంది.