మసక ఫోటో

నయీంనగర్ చాయ్ బండి కాడ
ఓదెలు ఫోన్ చేతులు మారుతున్నది.
లక్నవరం వంతెన, బొగత నురుగు,
మేడారం దారిల మద్దిచెట్ల కింద మా ఐదు బండ్లు.
"నాకిది పంపు, అది పంపు."
యాకూబ్ చెప్పినకొద్దీ
ఎలుగుబంటి పెరుగుతున్నది,
పోయినసారి కుక్కంతే ఉండె.

స్వరూప వేలు ఒక్కకాడ ఆగింది.
సగం టైరు, ఓ మోచెయ్యి,
మిగిలిందంతా చీకటి.
"ఇదెందుకు, తీసెయ్."

తాడ్వాయి దాటినంక పంక్చరైన రాత్రి.
సిగ్నల్ లేదు. తుంపర.
సైకిల్‌కు పంపు కట్టుకొని పోయేటాయన దిగి
టార్చి నోట కరుచుకొని
ట్యూబుకు అతుకేసిండు.
పైసలియ్యబోతే
"ఫోటో దిగినం గద, సాలు" అన్నడు.
సలికి ఓదెలు చెయ్యి వణికిన సంగతి
ఆయనకేం తెలుసు.
పేరు సుత అడగకపోతిమి.

ఓదెలు ఫోన్ గుంజుకున్నడు.
చౌరస్తా స్టూడియోల
ఈ ఒక్కటి కడిగిస్తడట,
వచ్చే ఐతారం మళ్ల అదే తొవ్వ వడతడట.

మసకను కడిగితే ఏమొస్తదిరా అంటే
చాయ్ గ్లాసు బోర్లిచ్చి లేసిండు:
"మోచెయ్యి ఉన్నది గద.
ఆయన మోచెయ్యి
ఆయన గుర్తువట్టడా?"