తంతిస్తంభాల దొర

పేరు చదవడం నాకు రాదు.
చివర రెండు టీలు పక్కపక్కనే నిలబడేవి,
మొగల్తూరు కాలవగట్టు మీద తంతిస్తంభాల్లా.
అవి తెరమీద పడగానే
ఆపరేటర్ మీరా సాహెబు బీడీ ఆర్పేసి
"మనవాడేరా" అనేవాడు.

నరసాపురం, వశిష్ఠా టాకీసు.
ఆదివారం పొద్దుటాట, ఇంగ్లీషు బొమ్మ.
పోయేటప్పుడు ఎండురొయ్యలు మోసిన బస్సు టాపుమీదే
వచ్చేటప్పుడు బెజవాడ నుంచి రేకుపెట్టెలు.
అమెరికా వాసనంటే నాకు ఇప్పటికీ అదే.

ఓ వారం గుర్రాలు, దుమ్ము, తుపాకులు.
ఓ వారం వానలో హంతకుడు, వాడి గొడుగు.
ఇంకో వారం మెట్లమీంచి ఆడుతూ దిగే అరవైమంది ఆడాళ్లు,
నేల టిక్కెట్టు వన్స్ మోర్ అంటే
సాహెబు నిజంగానే రీలు వెనక్కి తిప్పాడు.
తర్వాత యుద్ధం.
తర్వాత తాగుబోతు జడ్జీ ఒకడు,
నవ్వలేక మా గేటుకీపరు పంచె జారిపోయింది.
అన్నిటికీ అవే రెండు స్తంభాలు.

ఒక్కడేనా ఇన్నీ తీసింది?

కొమ్మోజు వీరన్నాచారికి టిక్కెట్టు లేదు.
విరిగిన కుర్చీలు బాగుచేసిన కూలి కింద సినిమా.
పడవలు కట్టేవాడు, తలుపులు, ఉయ్యాలలు,
మిషనాస్పత్రికి శవపెట్టెలు కూడా.
"ఇందులో వింతేముందిరా, కూలికొచ్చినవాడు.
షావుకారు దూలం చూపించి
పడవంటే పడవ, పెట్టంటే పెట్టె.
నెలాఖరుకి దింపెయ్యాలి.
కానీ చెయ్యనేది ఒకటుంటుంది, అది దాగదు.
గుమ్మం దగ్గర చూడు."

చూశాను.
గుర్రమెక్కేవాడూ, ఉరికంబానికి నడిచేవాడూ,
పెళ్లి వద్దని పారిపోయే పిల్లా
వెళ్లేముందు ద్వారబంధం మీద చెయ్యేస్తారు.
అర క్షణం. ఏమీ అనరు.
కొయ్య ఏ జాతిదో కనుక్కుంటున్నట్టు.
వేరే దొరల బొమ్మల్లో
తలుపులు ఊరికే మూసుకునేవి.

కుర్చీ క్లాసులో లేసు అల్లుకుంటూ చూసే మార్తమ్మ
ఓసారి "ఆపండి" అని కేకేసింది.
హీరోయిన్ ఏడుస్తోంది, వెనక కిటికీకి తెర.
"ఆ పూలు నావి. అయిదో వరస తప్పింది చూడండి,
జొరంలో అల్లాను."
హాలంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.
ఆ బొమ్మ మూడు ఆదివారాలు ఆడింది.
మూడుసార్లూ టిక్కెట్టు కొంది,
ఏడ్చేదాన్ని చూడ్డానికి కాదు.

పెట్టెలు వరసలో వచ్చేవి కావు.
ముందు ఆయన ముసలితనం వచ్చింది, రంగుల్లో,
ఎవరూ ఎక్కడికీ తొందరపడకుండా.
తర్వాత నడివయసు, నలుపూ తెలుపూ, మంచి పదును.
గోదారి ఎర్రబడి సఖినేటిపల్లి పంటు ఆగిపోయిన
ఓ శ్రావణమాసపు వారం
కుర్రతనం వచ్చింది. రెండే రీళ్లు.
మాటల్లేవు, తెరనిండా గీతల వాన.
ఒకడు నిచ్చెన మోసుకొస్తాడు,
అది గుమ్మంలో పట్టదు.
నిలువుగా, అడ్డంగా, తలకిందులుగా.
చివరికి నిచ్చెన దించి
ద్వారబంధం మీద చెయ్యేసి ఆలోచిస్తాడు.
అంతే కథ.

చీకట్లో వీరన్నాచారి గొంతు:
"అదీ! అక్కణ్ణుంచి మొదలు.
కొలత తప్పిందిరా వీడికి,
జన్మంతా అదే తడుముకున్నాడు."

ఆ దొర ఎప్పుడు పోయాడో మాకు తెలీదు.
మా ఊళ్లో ఆయన రోజురోజుకీ చిన్నవాడయ్యాడు.

టాకీసు రొయ్యల మేత గోడౌను అయిన ఏడు
ప్రొజెక్టరు పాత ఇనుముకి అమ్మారు.
నలుగురం ఎత్తాం. కేబిను గుమ్మంలో పట్టలేదు.
నిలువుగా, అడ్డంగా.
సాహెబు నా మొహం చూశాడు, నేను సాహెబు మొహం.
కబురెడితే వీరన్నాచారి వచ్చాడు,
కర్ర పొడుచుకుంటూ, ఎనభై దాటి.
ఆ గుమ్మం ఆయనే పెట్టాడు, మిషను లోపలికొచ్చాక.
చెక్కమీద చెయ్యేసి నిలబడ్డాడు,
అర క్షణం కంటే ఎక్కువే.

"కొలత తప్పలేదురా," అన్నాడు,
"ఇది బయటికి పోతుందనుకోలేదు."