చీటీలో ఒకే మాట

కొరుక్కుపేట రైల్వే గేటు పక్కన మా మందుల షాపు.
మేడ మీద డాక్టరు, కింద నేను.
ఆయన రాతలో నాకు తడుముకోకుండా అర్థమయ్యేది ఒక్కటే మాట:
ఇరిటేషన్.
ఎవరొచ్చినా అదే రాస్తాడు,
దాని కింద మందు పేరు మాత్రం మారుతుంది.

కత్తిరి ఎండలు మొదలైన నాలుగో రోజు.
పెంచలయ్య కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు.
రాత్రంతా ఎవరి ఇంటి గేటుకో వెల్డింగు.
"రెప్పల కింద ఇసక పోసి రుబ్బుతున్నట్టుందబ్బాయా."
చీటీలో: ఇరిటేషన్.

కాశిమేడు నుంచి అంసవల్లి,
ఐసుపెట్టెలో నాని నాని పాలిపోయిన వేళ్ళ సందులు,
ఉప్పునీళ్ళు తగిలితే చుర్రుమంటాయి.
"ఎరిచ్చల్ తంబీ, ఎరిచ్చల్" అంది.
వాళ్ళకి మంటకీ చిరాకుకీ మాట ఒకటే.
చేతుల గురించి చెప్పిందో,
గంట బేరమాడి కొనకుండా పోయిన మహాతల్లి గురించి చెప్పిందో
నేను అడగలేదు.

మనకి మాత్రం తక్కువా?
చెమటకాయలది చిమచిమ,
గొంతుది గరగర,
కొత్త చెప్పుది ఒరుపు.
కంట్లో పడితే నలుసు,
పక్కింటివాడు కారు కొంటే కంటగింపు.
ఒంటిదురదకి మనల్ని మనం గోక్కుంటాం,
నోటిదురదకి పక్కవాణ్ణి గోకుతాం.
ఎండకి మండేదీ ఒళ్ళే,
బాకీ ఎగ్గొట్టినవాడు నవ్వుతూ ఎదురైతే
మండేదీ ఆ ఒళ్ళే.

మధ్యాహ్నం కరెంటు పోయింది.
గూడ్సుబండి గేటుకి అడ్డంగా ఆగింది, పోదు, వెనక్కీ రాదు.
చొక్కా కాలరు వెనక లేబులు మెడని కొరుకుతోంది.
చిల్లర లేదన్నందుకు నోటు నా మీదికి విసిరాడొకడు.
లేబులు మీదో, వాడి మీదో, ఆ బండి మీదో
కస్సుమన్నాను,
నాలుగు రూపాయల బిళ్ళ అడిగిన చిన్నపిల్ల మీద.
ఆ పిల్ల ఏడవలేదు.
నన్ను చూసి తనూ కనుబొమలు ముడిచింది.
చాలాసేపటిదాకా నా మొహం నాకే కనిపిస్తూ ఉంది.

దీపాలు పెట్టే వేళకి మునుస్వామి నాయుడు.
పద్దెనిమిదేళ్ళ షుగరు.
చెప్పు విప్పితే మడమలో మేకు.
పొద్దున ఎప్పుడు దిగిందో తెలీదట,
దాంతోనే టీకొట్టుకి, కూరగాయలకి,
అక్కణ్ణించి ఇంకెక్కడికో.
నేను దూదితో అద్దుతుంటే
వేరేవాళ్ళ కాలు చూసినట్టు చూశాడు.
ఆయన చీటీలో మాత్రం ఆ మాట లేదు.
"దురదన్నా పుట్టించేది ఏదన్నా ఉందా నీ దగ్గిర?"
నవ్వుతూనే అడిగాడు.
నేనూ నవ్వుతూనే అరలన్నీ చూశాను.
అన్నీ తగ్గించేవే.

పదింటికి షట్టరు దించి ఇంటికి.
కోమలకీ నాకూ మాటల్లేక పన్నెండు రోజులు.
ఇప్పుడేం పోట్లాట లేదు, అది జనవరిలోనే అయిపోయింది.
తను వడ్డిస్తుంది, నేను తింటాను.
ఉప్పెక్కువైందని నేననను,
ఆలస్యమైందేమని తననదు.
కంచం చప్పుడు కాకుండా పెట్టడం
ఇద్దరికీ బాగా అలవాటైంది.

ఆ రాత్రీ ఫ్యాను కిర్రు, కిర్రు, కిర్రు.
గోడవైపు తిరిగి పడుకున్న మనిషి
దిగ్గున లేచి కూర్చుంది.
"ఎన్నాళ్ళు? నా ప్రాణం తోడేస్తోంది ఆ ఫ్యాను!
ఊరందరి రోగాలకీ మందిస్తావు,
దీనికి ఒక్క చుక్క నూనె తేలేవా?
చొక్కా అయినా మార్చకుండా పడుకోవడమేంటి,
ఆ లేబులు, గోక్కుని గోక్కుని, మెడ చూడు ఎలా కందిపోయిందో..."

తిడుతూనే ఉంది.
తిడుతూనే చీకట్లో డ్రాయరంతా కెలికి కత్తెర వెదికింది.
నేను మెడ వంచి కూర్చున్నాను.
కత్తెర మొన చల్లగా తగిలింది.
కొంచెం గుచ్చుకుంది కూడా.