తొలి చెవి

జువ్వలదిన్నె రేవులో, ఐసు ఫ్యాక్టరీ గోడకు ఆనించి
మా గది. పది అడుగులకు ఎనిమిది.
ఉప్పుగాలికి తలుపు గొళ్లెం మూడేళ్లకోసారి చస్తుంది,
యాంటెన్నా పిన్నులు మూణ్ణెల్లకోసారి.

పోలయ్య మామ ముప్పై మైళ్ల అవతల నుంచి మాట్లాడితే
ఇక్కడికి చేరేది మాట కాదు,
మాట తాలూకు తడి.
వోల్టులో కోటో వంతో, ఇంకా తక్కువో.
దాని కోసం నేనూ ఖాజావలీ
ఒక చెవి చేస్తున్నాం.

తొలి మెట్టులోనే ఉంది అంతా.
రొయ్యల గుంటల మోటార్లు, వానాకాలపు మెరుపులు,
ట్రాన్సిస్టరు తన ఒంట్లో తాను గొణుక్కునేది,
అక్కడ కలిసిన రొదను
తర్వాత ఎన్ని మెట్లు కట్టినా విడదీయలేవు.
పైరుకు వేసిన ఎరువే తిని
కలుపూ ఏపుగా లేస్తుంది.

అందుకే వెండిపూత తీగను డ్రిల్లు బిట్టుకు చుట్టి,
నాలుగున్నర చుట్లు,
చీపురుపుల్లతో ఒక్కో చుట్టునూ ఎడం చేస్తూ కూచున్నాను.
ఒకచోట గొంతు గబుక్కున పెద్దదయింది.
"ఆడే ఆపక్కా" అన్నాడు ఖాజావలి.
ఇంకో వెంట్రుకవాసి జరిపాను.
గొంతు కాస్త తగ్గి
దాని వెనక ఇసక రాలడం ఆగింది.
జాస్తిగా వినపడే తావు వేరు,
తేటగా వినపడే తావు వేరు.
పదకొండేళ్లుగా ఇదే పని,
ఆ వెంట్రుకవాసికి ఇంకా పేరు పెట్టుకోలేదు.

ఇక ఆ టగ్గుంది.
రేవు మొగలోనే నిలబడి నోరు తెరుస్తుంది,
తడి కోసం చేసిన చెవిలో ఏరు పోసినట్టు.
మామ గొంతుకు చాచిన దోసిలి
దాని గొంతుకు మూసుకోవాలి.
కాలవ మీదైతే లస్కరుంటాడు, నీళ్లు పెరిగితే తూము దించుతాడు.
ఇక్కడ లస్కరు లేడు.
నీళ్లే తమ తూము దించుకోవాలి.
రెండో గేటు మీద నాలుగు వోల్టులుంటే చెవి నిక్కుతుంది,
సున్నాకు దిగితే దూది పెట్టుకుంటుంది.
మూయడం చప్పున, తెరవడం నిదానంగా
అనుకుని ఒక మెగా ఓము రెసిస్టరు పెట్టాను.
తెరుచుకోడానికి అర సెకను.
అర సెకనులో ఏం పోతుంది?

గురువారం టగ్గు మాట ముగించింది.
వెంటనే మామ గొంతు, సగం నుంచి:
"...జాస్తిగా వస్తన్నాయి!"
అంతే.
అంకమ్మక్క గంపలు దులిపింది.
పదహారు ఐసు దిమ్మలు బయటికొచ్చాయి.
కావలి లారీవాడు టీ తాగకుండా కాచుకున్నాడు.

పొద్దు వాలాక ఇంకో బోటు మోకు కట్టి లాక్కొచ్చింది మామ బోటును.
నలుగురూ బకెట్లతో తోడుతూనే ఉన్నారు.
వచ్చినవి చేపలు కాదు, నీళ్లు.
'నీళ్లు' అన్న రెండక్షరాలూ
నా రెసిస్టరులో ఇరుక్కుపోయాయి.
వేరే బోటువాళ్లు వాళ్లంతట వాళ్లే చూశారు కాబట్టి సరిపోయింది.
ఎవరూ నన్నేమీ అనలేదు. ఎవరికీ తెలియదు కూడా.
ఐసు మాత్రం చీకటిపడేదాకా
మా గడప ముందు కరిగింది.

ఆ రాత్రే మెగా ఓము పీకేశాను.
రెండొందల ఇరవై కిలో ఓములు వేసి,
టగ్గులా అరిచి, మామలా గొణిగి,
ఖాజావలి కునుకు తీసేదాకా చూశాను.

పదిరోజులకు, బోటులో పెట్టేముందు
మామ కొత్త సెట్టును చెవికి ఆనించుకున్నాడు.
"ఏమ్మే, చచ్చిందా ఇది?"
"లేదు మామా. రొద తీసేశా."
"రొద లేకుంటే ఎట్టమ్మే?
నడిరాత్రి మాటలుండవు. ఆ సొద ఉంటేనే గదా
ఇది మేలుకోనుండాదని నాకు గుర్తు."

ఖాజావలి నా వంక చూశాడు.
నేను చీపురుపుల్ల వంక.
స్క్రూడ్రైవరు తీసి
స్క్వెల్చి మరను వీసమంత వెనక్కి తిప్పాను.
ఇసక సన్నగా రాలింది.

"ఆఁ, ఇప్పుడుండాది" అన్నాడు.