రెండంగుళాలు

సాలిగ్రామంలో మా కొట్టు మెట్ల కింద.
పెద్ద మనిషి నిటారుగా నిలబడలేడు,
చిన్నపిల్లలు నిలబడగలరు.
అందుకేనేమో వాళ్ల బట్టలే నాకొస్తాయి.

శుక్రవారం షూటింగంటే
బుధవారం రాత్రి పదకొండింటికి కొలతలు.
బయట వాన. కరెంటు పోయింది.
వాళ్లమ్మ సెల్‌ఫోను లైటు వేసింది.
వెలుగు మొహాన పడగానే
తొమ్మిదేళ్ల లోహిత నిద్రమత్తులోనే నవ్వేసింది,
ఎడమ బుగ్గ నుంచి మొదలయ్యే నవ్వు.
"అటువైపు నుంచే బావుంటానంట ఆంటీ."

పిల్లల గౌనుకి లోపలి కుట్టులో
రెండంగుళాల గుడ్డ వదలమని
వెంకటగిరిలో మా పెద్దమ్మ నేర్పింది.
ఏటా ఒక వరస విప్పుకుంటూ పోతే
ఆ గుడ్డతోనే మూడేళ్లు గడుస్తాయని.
ఇక్కడ వదలొద్దంటారు.
"కెమెరాకి లావు కనపడతాదక్కా,
ఒంటికి అతుక్కోవాల.
ఎట్లాగూ ఒక్క పాటకే గదా."
వదలకుండానే కుట్టాను.
డబ్బులు కూడా తీసుకున్నాను, దాచడమెందుకు.

ఆ పిల్ల ఆడాల్సిన పాట
మొగుడు ఇంటికి రాని రాత్రి గురించి.
నడుము ఇరవై.
చమ్కీలు పన్నెండు పొట్లాలు,
ఒక్కొక్కటీ నా చూపుడువేలి మీంచే పోయింది.

ట్రయల్‌కి వేసుకుని, అద్దం ముందు
చేతులు గడ్డం కింద ముడిచి కళ్లు పైకెత్తింది.
దేవుడికేమో అనుకున్నాను.
"మార్కులు చెప్పేటప్పుడు ఇట్లా నిలబడాల.
తక్కువొస్తే కింద పెదవి ముందు వణకాల,
కన్నీళ్లు తర్వాత.
ముందే ఏడిస్తే మళ్లీ తీస్తారు."
వణికించి చూపించింది.
నా నోట్లో గుండుసూదులున్నాయి,
ఏమీ అనలేకపోయాను.
లేకపోయినా అనేదాన్ని కాదేమో.

నేను టీవీ చూడను,
మిషను మోతకి ఏదీ వినపడదు.
పక్కన ఇడ్లీలమ్మే సెల్వి చెప్పింది:
మీ చమ్కీ పిల్లని పంపేశారక్కా,
ఎంత బాగా ఏడ్చిందో,
అచ్చం నిజంగా ఏడ్చినట్టే.

జూన్‌లో మళ్లీ వచ్చారు,
పెరంబూరు నుంచి రెండు బస్సులు మారి.
స్కూలు యూనిఫారం, నీలం స్కర్టు.
వాళ్లమ్మ ఈసారి ఫోను బయటికి తియ్యలేదు.
పిల్ల గోళ్లకి అప్పటి రంగు
చివర్లలో ఇంకా కొంచెం మిగిలుంది.
టేపు చుట్టి, అలవాటుకొద్దీ పైకే చదివాను:
"ఇరవై రెండు."

గడ్డం కిందికి చేతులు వెళ్లిపోయాయి.
"ఎన్నింటికి ఆంటీ?"

పెన్సిలు కోసం వెతుక్కున్నాను,
చెవి మీదే ఉంది.

ఆ రాత్రి స్కర్టు అంచు లోపలికి మడిచాను,
రెండంగుళాలు కాదు, నాలుగు.
ఇంత మడత పెడితే బరువుకి వేలాడుతుంది,
ఇస్త్రీ నిలవదు,
వాళ్లమ్మ తిట్టుకుంటుంది.

తిట్టుకోనీ.